80 కి.మీ. స్పీడ్ గవర్నర్ ఉన్న బస్సు రాత్రివేళ 100 ఎలా దాటుతోంది?

ప్రశ్న: పెన్నాతీరం

అందరికీ నమస్కారం. నా ఉద్యోగం హైదరాబాదులో, తల్లిదండ్రులు ఉండేది అనంతపురంలో కావడం వల్ల 44వ జాతీయ రహదారి మీద రాత్రిపూట ప్రైవేటు బస్సుల్లో తరచుగా ప్రయాణిస్తుంటాను. ఈ మధ్య ఒక స్లీపర్ బస్సులో నిద్ర పట్టక ఫోనులో జీపీఎస్ వేగం చూస్తూ ఉండిపోయాను. జడ్చర్ల దాటింది మొదలు కర్నూలు వచ్చేదాకా, టోల్‌ప్లాజాల దగ్గర, ఊళ్ల దగ్గర తగ్గిన సమయం మినహాయిస్తే, ఆ అంకె 95కూ 106కూ మధ్యనే తిరిగింది. అదే బస్సు వెనుక భాగంలో "స్పీడ్ 80 కి.మీ." అని ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది.

పెద్ద ప్రయాణికుల వాహనాలన్నింటికీ వేగాన్ని కట్టడిచేసే పరికరం, అంటే స్పీడ్ గవర్నర్, తప్పనిసరి అని చదివాను. అది ఉంటే బస్సు 106ను ఎలా అందుకుంది? లేకపోతే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎలా వచ్చింది? ఈ రహదారి మీదే 2013 అక్టోబరు 30న పాలెం వద్ద వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద మరో బస్సు కాలిపోయి దాదాపు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్రతి దుర్ఘటన తర్వాత కొన్ని వారాల పాటు తనిఖీలు జోరుగా సాగుతాయి, పత్రికల్లో స్పీడ్ గవర్నర్ల ప్రస్తావన వస్తుంది, ఆ తర్వాత ఎవరి దారిన వారు పోతారు. ఈ పరికరం గురించి లోతుగా తెలిసినవారు, ఇది అసలు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయకుండా పోతుందో వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: గేర్‌బాక్స్

పెన్నాతీరం గారూ, భారీ వాహనాల వైరింగు, ఇంజిన్ ఎలక్ట్రానిక్స్ మరమ్మతు నా వృత్తి. అందువల్ల పరికరం వరకు నమ్మకంగా చెప్పగలను. నియమం ఏమిటో ముందు క్లుప్తంగా చెబుతాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 118వ నియమాన్ని 2015 ఏప్రిల్‌లో మార్చారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలకు, కొన్ని మినహాయింపులు పోను, తయారీ కర్మాగారంలోనో డీలరు వద్దనో స్పీడ్ గవర్నర్ అమర్చాలి, దాన్ని గంటకు 80 కి.మీ. దగ్గర స్థిరపరచాలి. బడి బస్సులకు, టిప్పర్లకు, ట్యాంకర్లకు ఆ హద్దు 60. అంబులెన్సులు, అగ్నిమాపక శకటాలు, పోలీసు వాహనాలు, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు దీని పరిధిలోకి రావు. మీరు ఎక్కిన స్లీపర్ బస్సుకు ఏ మినహాయింపూ లేదు.

గవర్నర్ అనగానే అది బస్సును ఆపే యంత్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బ్రేకుల జోలికే పోదు. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్టు దగ్గర ఉండే సెన్సర్ షాఫ్టు తిరిగే వేగాన్ని పల్సుల రూపంలో పంపుతుంది. ఆ పల్సులను లెక్కపెట్టే యూనిట్ 80 దగ్గరపడిందని గ్రహించగానే ఇంజినుకు అందే ఇంధనాన్ని తగ్గిస్తుంది, అంతే. పాత బస్సుల్లో డీజిల్ గొట్టం మధ్యలో కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలినాయిడ్ వాల్వు పెట్టి ఈ పని చేయించేవారు. ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ వచ్చాక పెడల్‌కూ ఇంజిన్ కంప్యూటరుకూ మధ్య ఒక చిన్న పెట్టె చేరింది. డ్రైవరు పెడల్‌ను నేలకు అదిమినా సగమే తొక్కినట్టు అది కంప్యూటరుకు చెబుతుంది. ఇప్పటి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బస్సుల్లో విడిగా పెట్టె కూడా అక్కరలేదు, ఇంజిన్ కంప్యూటరు ప్రోగ్రాములోనే హద్దు రాసి ఉంటుంది.

మీ ప్రశ్నకు జవాబు ఈ నిర్మాణంలోనే ఉంది. విడి పెట్టె ఉన్న బస్సుల్లో దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేయడం ఓ మోస్తరు ఎలక్ట్రీషియనుకు పెద్ద పని కాదు. వైర్ల కలయిక దగ్గర సీలు వేస్తారు గానీ, ఆ సీలు తెగిందో లేదో తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు బస్సు కిందికి దూరి చూడాలి. కంప్యూటరులోనే హద్దు ఉన్న బస్సులకు లాప్‌టాప్ తగిలించి ఆ అంకె మార్చేవారు తయారయ్యారు. బయటి నుంచి చూస్తే రెండు బస్సులకూ తేడా కనిపించదు. ఫిట్‌నెస్ రోజున కనెక్టర్ యథాస్థానంలో ఉంటుంది, మర్నాడు ఊడుతుంది. ఎనిమిదేళ్లలోపు వాహనానికి ఫిట్‌నెస్ పరీక్ష రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఆ రెండు పరీక్షల మధ్య ఆ పరికరం బతికి ఉందా లేదా అని అడిగే నాథుడు ఉండడు.

ఇంకొక మాట. గవర్నర్ నూటికి నూరుపాళ్లు సవ్యంగా ఉన్నా వాలులో అది నిస్సహాయమే. ఇంధనం పూర్తిగా ఆగినా పదిహేను టన్నుల బస్సు తన బరువుతోనే దిగువకు వేగం పుంజుకుంటుంది. అక్కడ పనికొచ్చేవి ఇంజిన్ పొగను అడ్డగించి నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు, చక్రాల బ్రేకులతో పనిలేకుండా వేగం తగ్గించే రిటార్డరు, సరైన గేరు.

జవాబు: పాత డిపో

ఆర్టీసీలో డ్రైవరుగా చేరి, చివరి సంవత్సరాల్లో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే బాధ్యతలో పనిచేసి విరమణ పొందాను. గేర్‌బాక్స్ గారు వాలు గురించి చెప్పింది అక్షరాలా నిజం. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయినప్పుడు కూడా గవర్నర్ల గురించి చర్చ జరిగింది. ఆ బస్సులో వందమందికి పైగా ఉన్నారు, అది దిగుడు దారి. అలాంటి చోట 80 దగ్గర మేలుకునే పరికరం ఏం చేయగలదు? ఘాట్‌లో 40 దాటితేనే ఎక్కువ. పరికరానికి దారి తెలియదు, మలుపు తెలియదు, వాన తెలియదు, పొగమంచు తెలియదు. దానికి తెలిసింది ఒక్క అంకె.

అలాగని దాన్ని తీసిపారేయమని నేను అనడం లేదు. మా సంస్థలో గవర్నర్ వల్ల కలిగిన మొదటి లాభం డీజిల్ దగ్గర కనిపించేది. ప్రతి డ్రైవరుకూ కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) లెక్క ఉంటుంది. 70, 75 దగ్గర నిలకడగా నడిపేవాడికీ, తొక్కుతూ బ్రేకు వేస్తూ నడిపేవాడికీ మధ్య తేడా నెలాఖరు జాబితాలో తేటతెల్లమయ్యేది. డీజిల్ ఆదా అయిన చోట టైర్లు, బ్రేకు లైనింగులు కూడా ఎక్కువ కాలం వచ్చేవి. భద్రత పేరు చెబితే విసుక్కునే డ్రైవరు సైతం కేఎంపీఎల్ పేరు చెబితే చెవి ఒగ్గేవాడు.

అసలు చిక్కు వేళ దగ్గర ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరుకు దాదాపు 570 కి.మీ. ప్రైవేటు బస్సు పటాన్‌చెరు దగ్గర బయలుదేరి మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట, లక్డీకాపూల్, ఆరాంఘర్ అంటూ ప్రయాణికులను ఎక్కించుకుంటూ నగరం దాటేసరికి రెండు గంటలు గడుస్తాయి. మొదటి పికప్ నుంచి పది గంటల్లో బెంగళూరు అని టికెట్ మీద ఉందనుకుందాం. నగరంలో పోయిన రెండు గంటలు, భోజనానికి అరగంట తీసేస్తే మిగిలేది ఏడున్నర గంటలు. శంషాబాదు నుంచి మిగిలిన దూరం సుమారు 540 కి.మీ. అంటే సగటున గంటకు 72 కి.మీ. రావాలి. సగటు 72 రావాలంటే, టోల్‌ప్లాజాలు, మరమ్మతుల దగ్గర దారి మళ్లింపులు, పశువులు అడ్డొచ్చే ఊళ్లు అన్నీ ఉన్న రహదారిలో, 80కి మించకుండా నడిపే ఏ డ్రైవరూ తేలేడు. నా అనుభవంలో 80 హద్దుతో నడిపితే సగటు 60, మహా అయితే 65. కాబట్టి ఆ వేళల పట్టిక వేసిన రోజే ఆ బస్సు గవర్నర్ ఊడిందని నేను అంటాను. వైరు పీకినవాడు ఎవరైనా, పీకించింది ఆ కాగితం.

తిరుమల ఘాట్ రోడ్డు మీద ఇంకో పద్ధతి అమలులో పెట్టారు. కింద, పైన టోల్‌గేట్ల దగ్గర సమయం నమోదు చేసి, నిర్ణయించిన కనీస సమయం కన్నా ముందే చేరిన వాహనానికి జరిమానా వేసేవారు. వాహనంలో ఏ పరికరమూ అక్కరలేదు. ఒక మలుపు దగ్గర నెమ్మదించి మరో మలుపు దగ్గర దూకుదామనుకునేవాడికి కూడా దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. మైదానపు రహదారుల మీద ఈ పద్ధతి ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

జవాబు: చిన్న ఆపరేటర్

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కనుక ఎదుటి పక్షం కూడా వినండి. సొంతంగా కొద్దిపాటి బస్సులు నడుపుతున్నవాణ్ని. గవర్నర్ పీకించడం తప్పని నాకూ తెలుసు, దాన్ని సమర్థించను. కానీ 80 దగ్గర కట్టేసిన బస్సుతో ఓవర్‌టేక్ చేయడం ఎంత ప్రమాదమో డ్రైవరు సీటులో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ముందున్న లారీ 70లో పోతోంది, మీ బస్సు 80 దాటదు. లారీ పక్కకు చేరాక పెడల్ చచ్చుబడిపోతుంది. ముందుకూ పోలేరు, వెనక్కీ తగ్గలేరు. మన దగ్గర లారీలు కుడి వరుస వదలవు, దానివల్ల బస్సు ఎడమ నుంచి దూరాల్సి వస్తుంది. అక్కడ ఆటో, ట్రాక్టరు, లైట్లు లేని బండి ఏదైనా ఉండవచ్చు.

ప్రయాణికుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఉదయం ఆరున్నరకు చేరాల్సిన బస్సు ఎనిమిదికి చేరితే టికెట్ యాప్‌లో ఒక్క నక్షత్రం వేసి, "ఎద్దుబండి" అని వ్యాఖ్య రాస్తారు. మరుసటి వారం ఆ బస్సులో సగం సీట్లు ఖాళీ. అదే రాత్రి అదే దారిలో గంట ముందు చేర్చిన బస్సుకు అయిదు నక్షత్రాలు. నేనొక్కణ్నే 80కి కట్టుబడితే నా వ్యాపారం మూతపడుతుంది, రోడ్డు మీద ప్రమాదాలు మాత్రం అలాగే ఉంటాయి. దానికి తోడు, నాలుగు వరుసల రహదారి మీద బస్సుకు 90, ఎక్స్‌ప్రెస్‌వే మీద 100 అని 2018లో కేంద్రమే ప్రకటించింది కదా! రోడ్డు 90 అంటుంది, గవర్నర్ 80 అంటుంది. ఏది వినాలి?

జవాబు: గేర్‌బాక్స్

చిన్న ఆపరేటర్ గారూ, ఓవర్‌టేక్ గురించి మీరు లేవనెత్తింది తోసిపుచ్చగలిగిన వాదన కాదు. లెక్క వేసి చూద్దాం. బస్సు పొడవు 12 మీటర్లు, లారీ పొడవు 12 మీటర్లు, ముందూ వెనుకా ఇరవయ్యేసి మీటర్ల ఎడం పెట్టుకుంటే బస్సు లారీ కన్నా 64 మీటర్లు అదనంగా పోవాలి. 80లో ఉన్న బస్సు 70లో ఉన్న లారీని దాటడానికి 23 సెకన్లు పడుతుంది; ఆలోగా బస్సు అర కిలోమీటరు దాటి పోతుంది. ఎదురుగా వచ్చేది కూడా 80లో ఉంటే కిలోమీటరు దారి ఖాళీగా ఉండాలి. అదే బస్సు 100లో ఉంటే ఎనిమిది సెకన్లు కూడా పట్టదు, 213 మీటర్లు చాలు.

అయితే ఈ వాదన పనికొచ్చేది ఎదురుగా వాహనాలు వచ్చే రెండు వరుసల రోడ్డు మీద మాత్రమే. మనం మాట్లాడుతున్నది మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల 44వ రహదారి గురించి. అక్కడ దాటడానికి 23 సెకన్లు పట్టినా వెనుక కారువాడు హారన్ కొట్టడం తప్ప జరిగే నష్టం లేదు. ఇక రెండు వరుసల రోడ్డు మీద 70లో పోతున్న లారీని దాటాల్సిన అగత్యం బస్సుకు ఏమిటి? వెనకే పోతే సరిపోతుంది.

ఇప్పుడు రెండో లెక్క. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. అర్ధరాత్రి రెండింటికి ఇది ఉదారమైన అంచనాయే. పొడి రోడ్డు మీద నిండు బస్సు ఓ మోస్తరు గట్టిగా, ప్రతి సెకనుకూ వేగాన్ని గంటకు 18 కి.మీ. చొప్పున తగ్గించుకుంటూ ఆగుతుందనుకుంటే, 80లో ఉన్న బస్సు సుమారు 83 మీటర్లలో ఆగిపోతుంది. 100లో ఉన్నదానికి 119 మీటర్లు కావాలి. ఈ 36 మీటర్ల తేడా చూసి చిన్నదేనని అనుకోవద్దు. 80 బస్సు పూర్తిగా నిలిచిపోయిన ఆ 83వ మీటరు దగ్గర, 100 బస్సు ఇంకా గంటకు 68 కి.మీ. వేగంతో కదులుతూ ఉంటుంది. అక్కడ ఆగిన లారీయో, పడి ఉన్న మోటారు సైకిలో ఉంటే మొదటి బస్సులోని వారు ఉలిక్కిపడి లేస్తారు, రెండో బస్సు 68తో గుద్దుకుంటుంది. ఢీకొన్నాక డీజిల్ ట్యాంకు పగలడం, తలుపులు బిగుసుకుపోవడం అనేవి ఆ 68 మీదే ఆధారపడతాయి.

దీనికి ప్రతిగా దక్కే లాభం ఎంత? ఎక్కడా ఆగకుండా 200 కి.మీ. పాటు పెడల్ అదిమి పట్టినా, 80కీ 100కీ తేడా అరగంట.

జవాబు: వకాల్తా

నేను మోటారు ప్రమాద పరిహార కేసులు వాదిస్తుంటాను. "రోడ్డు 90, గవర్నర్ 80, ఏది వినాలి" అన్న ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను. ఈ రెండూ వేర్వేరు నియమాలు. 2018 ఏప్రిల్ 6 నాటి నోటిఫికేషన్ మోటారు వాహనాల చట్టంలోని 112వ సెక్షన్ కింద వచ్చింది. డ్రైవరు కాకుండా ఎనిమిది మందికి మించి కూర్చునే వాహనాలకు ఎక్స్‌ప్రెస్‌వే మీద 100, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్ల మీద 90, మిగతా రోడ్ల మీద 60 అని అది పేర్కొంది. ఆ నోటిఫికేషన్‌ను 2021లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది కూడా. దాని చెల్లుబాటు మీద ఎవరి వాదన ఏదైనా కావచ్చు. 118వ నియమం మాత్రం రోడ్డు గురించి కాదు, వాహనం ఎలా తయారై ఉండాలన్నదాని గురించి. రోడ్డు 90కి ఒప్పుకున్నంత మాత్రాన వాహనంలోని పరికరాన్ని 90కి మార్చుకునే హక్కు యజమానికి రాదు. అలా మార్చినవారికి 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రోడ్డు మీద వేగం మించితే భారీ ప్రయాణికుల వాహనానికి జరిమానా 2000 నుంచి 4000 రూపాయలు. రెండింటిలోనూ డబ్బు శిక్ష ఒక రాత్రి టికెట్ల వసూలు ముందు ఏ మూలకూ రాదన్నది వేరే సంగతి.

నేను ఈ చర్చలోకి రావడానికి అసలు కారణం పాత డిపో గారు వేళల పట్టిక గురించి రాసిన మాట. వారు అనుభవంతో పట్టుకున్నదాన్ని చట్టం ఎప్పుడో గుర్తించింది. అతివేగాన్ని శిక్షించే 183వ సెక్షన్ డ్రైవరుతో ఆగదు. తన కింద పనిచేసేవారి చేత హద్దు మించి నడిపించిన వ్యక్తి కూడా శిక్షార్హుడే. అంతేకాదు, ఏదైనా ప్రయాణాన్ని ఫలానా సమయంలో ముగించాలని వేళల పట్టిక ప్రచురించినా, ఆదేశం ఇచ్చినా, వేగపరిమితులు మీరకుండా ఆ సమయంలో చేరడం సాధ్యం కాదని కోర్టు భావిస్తే, ఆ పట్టికే అతని నేరానికి ప్రాథమిక సాక్ష్యమవుతుందని అదే సెక్షన్ చెబుతోంది. అంటే హైదరాబాదు నుంచి బెంగళూరుకు వేసిన లెక్కను పాత డిపో గారు ఏ కోర్టులోనైనా అదే వరుసలో చెప్పవచ్చు. ఈ నిబంధన కింద ఒక ట్రావెల్స్ యజమాని బోనెక్కడం నా వృత్తి జీవితంలో నేను చూడలేదు. ప్రమాదం జరగగానే డ్రైవరు మీద కేసు నమోదవుతుంది, అతను బతికి ఉంటే జైలుకు పోతాడు, చనిపోతే కేసు ముగుస్తుంది.

సాక్ష్యం దొరకదా అంటే, అది ఇప్పటికే పోగవుతోంది. కొత్త ప్రజారవాణా వాహనాలకు ఎమర్జెన్సీ బటన్‌తో పాటు వాహనం ఎక్కడుందో తెలిపే ట్రాకింగ్ పరికరం తప్పనిసరి చేశారు. అది వేగాన్ని కూడా పంపుతుంది. అది పనిచేయకపోయినా ఫాస్టాగ్ ఉంది. రెండు టోల్‌ప్లాజాల మధ్య దూరం 60 కి.మీ. అనుకుంటే, 80 దగ్గర కట్టిన బస్సు దాన్ని 45 నిమిషాలకన్నా ముందు దాటడం అసాధ్యం. 40 నిమిషాల్లో దాటిందంటే దాని సగటే 90. ఆ ఒక్క రసీదుతో గవర్నర్ పనిచేయడం లేదని రుజువైపోతుంది. సీలు చూడటానికి ఎవరూ బస్సు కిందికి దూరనక్కరలేదు. తిరుమల పద్ధతి మైదానానికి రాలేదని పాత డిపో గారు అన్నారు. దానికి కావలసిన గేట్లు రహదారి పొడవునా నిలబడే ఉన్నాయి.

జవాబు: లెస్టర్ తెలుగువాడు

బ్రిటన్‌లో ఒక కోచ్ సంస్థ కార్యాలయంలో రికార్డుల తనిఖీ పని చేస్తున్నాను. ఇక్కడి అమరికతో పోల్చి చూడటం ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఇక్కడ పెద్ద బస్సులకు లిమిటరు (మన గవర్నర్ లాంటిదే) 1980ల చివరి నుంచి ఉంది. మొదట గంటకు 70 మైళ్ల దగ్గర పెట్టారు, తర్వాత 62 మైళ్లకు, అంటే 100 కి.మీ.కు తగ్గించారు. యూరప్‌లో కూడా బస్సులకు హద్దు 100 కి.మీ. ఆ లెక్కన మన 80 చాలా కఠినంగా కనిపిస్తుంది. కానీ ఇక్కడి మోటార్‌వే మీద ఆటోలు, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు, మధ్యలో రోడ్డు దాటే మనుషులు ఉండరు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం సరికాదు. చిన్న ఆపరేటర్ గారి ఓవర్‌టేక్ చిక్కుకు ఇక్కడ వేరే మార్గం చూశారు. మూడు, అంతకు మించి వరుసలున్న మోటార్‌వే మీద లిమిటరు ఉండాల్సిన బస్సు చివరి కుడి వరుసలోకి అసలు పోకూడదు.

ఇక్కడ లిమిటరును కాపాడేది లిమిటరు కాదు, టాకోగ్రాఫ్ అనే నమోదు యంత్రం. డ్రైవరు తన కార్డు దానిలో పెట్టి బండి తీస్తాడు. ఎంతసేపు నడిపాడు, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నాడు, ఎంత వేగంతో నడిపాడు అన్నీ అందులో నమోదవుతాయి. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకోవాలి, సాధారణంగా రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. అధికారులు రోడ్డు పక్కన ఆపి ఆ రికార్డును దించుకుంటారు. తేడా వస్తే డ్రైవరుకు జరిమానాతో వదలరు. సంస్థలకు లైసెన్సులిచ్చే ట్రాఫిక్ కమిషనర్ ముందు యజమాని హాజరు కావాలి, సంస్థ లైసెన్సే రద్దు కావచ్చు. మా కార్యాలయంలో వేళల పట్టిక వేసే వ్యక్తి లిమిటరు హద్దును, విరామాలను కలుపుకునే లెక్క వేస్తాడు, ఎందుకంటే రికార్డు బయటపడితే ముందు అడిగేది అతన్నే.

జవాబు: పాత డిపో

లెస్టర్ నుంచి రాసినవారు విశ్రాంతి సంగతి ఎత్తారు కాబట్టి ఒక మాట కలుపుతాను. మన దేశంలోనూ 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలు దాటకుండా అరగంట విరామం అని నిర్దేశించేది; 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చింది. రాత్రంతా నడిపి, ఉదయం బస్సు కడిగించి, డిక్కీలో పార్సిళ్లు ఎక్కించి, మధ్యాహ్నం ఏసీ లేని గదిలో నాలుగు గంటలు పడుకుని, మళ్లీ సాయంత్రం స్టీరింగు పట్టుకునే డ్రైవర్లను చాలామందిని ఎరుగుదును. గేర్‌బాక్స్ గారు వేసిన ఒకటిన్నర సెకను వారికి వర్తించదు. రెండో డ్రైవరు ఉన్నాడని కాగితం మీద చూపించి, అతని చేత క్లీనరు పని చేయించడం కూడా ఉంది. చిన్న ఆపరేటర్ గారు కోపగించుకోకూడదు, వారిని ఉద్దేశించి అనడం లేదు.

జవాబు: చిన్న ఆపరేటర్

కోపమేమీ లేదు పెద్దాయనా, మీరన్నది ఉన్న మాటే. టోల్‌ప్లాజా సమయంతో సగటు లెక్క తీసి అందరికీ ఒకే రాత్రి, ఒకే విధంగా జరిమానా వేస్తే నాకు అభ్యంతరం లేదు, సంతోషం కూడా. అప్పుడు నా పక్కన బయలుదేరే బస్సు కూడా ఎనిమిదికే చేరుతుంది, నాకు పడే ఒక్క నక్షత్రం వాళ్లకూ పడుతుంది. నా ఇబ్బంది అంతా ఒకరిని పట్టుకుని పదిమందిని వదిలే తనిఖీతోనే. మరొక రాష్ట్రంలో రిజిస్టరై, అఖిల భారత పర్మిట్‌తో ఇక్కడ తిరిగే బస్సులకు ఫిట్‌నెస్ ఎక్కడ, ఎవరు, ఏ రోజు చేశారో ఇక్కడి అధికారికి తెలియనే తెలియదు. అలాంటి బస్సులతో పోటీ పడుతూ 80లో నడపమంటే కష్టం.

ప్రశ్న కొనసాగింపు: పెన్నాతీరం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాకు మిగిలిన సందేహం ఒక్కటే. చట్టం, టోల్ రసీదులు, రికార్డులు అన్నీ అధికారుల చేతిలో ఉన్నవి. బెర్తు మీద పడుకుని ఫోనులో 106 చూస్తున్న ప్రయాణికుడు ఆ క్షణంలోనూ, మర్నాడూ ఏం చేయగలడు? డ్రైవరును అడుగుదామంటే నడిపేవాడి ఏకాగ్రత చెడగొట్టినట్టవుతుందని భయం.

జవాబు: వకాల్తా

మీ భయం సహేతుకమే. నడుస్తున్న బస్సులో డ్రైవరుతో వాదన పెట్టుకోవద్దు; భోజనానికి ఆపిన చోట తోటి ప్రయాణికులను ఇద్దరు ముగ్గురిని కలుపుకుని మాట్లాడండి, ఒక్కరు అడగడం కన్నా ఆ మాటకు బరువు ఉంటుంది. ఆ క్షణంలో ప్రమాదకరంగా నడుపుతున్నాడని అనిపిస్తే జాతీయ రహదారి మీద 1033కు గానీ, పోలీసులకు 112కు గానీ ఫోను చేసి, బస్సు నంబరు, దాటిన టోల్‌ప్లాజా పేరు, వెళుతున్న దిశ చెప్పండి.

మర్నాటి పనికి ఫోనులోని జీపీఎస్ వేగం చిత్రాలు తీసి ఉంచుకోండి, కానీ వాటినే నమ్ముకోవద్దు. వాటికి విలువ లేదని ఎదుటి వకీలు సులభంగా వాదిస్తాడు. రెండు టోల్‌ప్లాజాలు దాటిన సమయాలు మాత్రం తప్పక రాసుకోండి, ఎందుకంటే ఆ సమయాలు బస్సు ఫాస్టాగ్ ఖాతాలోనూ అచ్చంగా అలాగే నమోదై ఉంటాయి. అవి సరిపోలితే మీ మాటను ఎవరూ కాదనలేరు. బస్సు నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో వెతికితే అది ఏ రాష్ట్రంలో రిజిస్టరైందో, ఫిట్‌నెస్ గడువు ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. ఈ వివరాలకు మీ టికెట్ నకలు జతచేసి, మీరు ఎక్కిన జిల్లా రవాణా అధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఫిర్యాదులో డ్రైవరు పేరు రాయకుండా, టికెట్ మీద అచ్చయిన బయలుదేరే వేళ, చేరే వేళ, మధ్య దూరం స్పష్టంగా రాసి, 183వ సెక్షన్‌లోని వేళల పట్టిక నిబంధన కింద యజమానిపై చర్య తీసుకోవాలని అడగండి. ఆ ఫిర్యాదు ముసాయిదా రాయడంలో సాయం కావాలంటే ఇక్కడే అడగండి, రుసుము ఏమీ తీసుకోను.